ఒకసారి ఎక్కిస్తే అయిపోలేదు, పిన్ చూసుకోండి



రెండేళ్ల కింద మా ఊరి గ్రామసభలో నేను నిలబడి ఒక మాట చెప్పిన. "మన సామూహిక అటవీ వనరుల హక్కు ఫైల్ మొత్తం ఇంటర్నెట్‌ల పెట్టినం. ఒక్క కంపెనీ సర్వర్ల కాదు, ఐపీఎఫ్ఎస్ అనే నెట్‌వర్క్‌ల. ఇగ దీన్ని ఎవ్వడూ మాయం చెయ్యలేడు." పెద్దలు తలలూపిన్రు, పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. నాక్కూడా మస్తు గర్వంగా అనిపించింది.

ఆ మాట తప్పు. తప్పని తెలిసింది కాబట్టే ఇది రాస్తున్నా. మీలో చాలామంది ఇప్పుడు అదే పని చేస్తున్నరు. గ్రామసభ తీర్మానాలు, ఫారం సీ, పెద్దల వాంగ్మూలాలు, జీపీఎస్ మ్యాపులు స్కాన్ చేసి ఎక్కిస్తున్నరు. మంచి పనే. కానీ ఎక్కించి మరిచిపోతున్నరు.

మాకేమైందో చెప్తా. ఒక ఆఫీసుకు క్లెయిమ్ సంగతి అడగనీకి పోతే "మీ ఊరి ఫైల్ మా దగ్గర లేదు, అసలు పెట్టిన్రా?" అన్నరు. పెట్టినం సార్ అని నోట్‌బుక్ తీసిన. అందులో 59 అక్షరాల సీఐడీ రాసి ఉంది. ఫోన్‌లో కొట్టిన. తిరుగుతున్నది, తిరుగుతున్నది. పావుగంట తిరిగింది. టైమ్ అవుట్. సారు నా మొహం చూసిండు, నేను నేల చూసిన. రసీదు కాగితం అటవీ హక్కుల కమిటీ అధ్యక్షుడి ఇంట్ల ట్రంకు పెట్టెల ఉండె. తర్వాత తీసి చూస్తే సగం చెదలు తిన్నయి.

నెట్‌వర్క్‌ల పెట్టింది ఎట్ల పోయింది? దీనికి జవాబు తెలియాలంటే అది ఎట్ల పనిచేస్తదో కొంచెం తెలియాలి.

మామూలు వెబ్‌సైట్ లింకు ఒక చోటు పేరు. ఫలానా సర్వర్ల, ఫలానా ఫోల్డర్ల ఉంది అని చెప్తది. ఐపీఎఫ్ఎస్‌ల సీఐడీ చోటు పేరు కాదు, ఆ వస్తువు వేలిముద్ర. ఫైల్‌ను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు లెక్క కట్టి, అన్నిటినీ కలిపి ఒక పేరు తీస్తది. ఫైల్‌ల ఒక్క చుక్క మారినా పేరు మారుతది. ఆ పేరు పట్టుకుని "ఇది ఎవరి దగ్గర ఉంది?" అని నెట్‌వర్క్‌ను అడిగితే, ఉన్నోళ్లు ఇస్తరు. ఉన్నోళ్లు ఇస్తరు అన్న కాడనే అసలు సంగతి ఉంది. ఎవరి దగ్గరా లేకపోతే ఎవరూ ఇవ్వరు. నెట్‌వర్క్ అంటే ఆకాశంల వేలాడే గోదాము కాదు. నీ ల్యాప్‌టాపు, నా డెస్క్‌టాపు, ఇంకెవరిదో కంప్యూటరు, అంతే. ఎవరికి కావాల్సింది వాళ్లు దాచుకుంటరు. మన ఊరి ఫైల్ మనకు కాక ఇంకెవరికి కావాలి?

మా ఫైల్‌ను మా తమ్ముడి ల్యాప్‌టాప్ నుంచే యాడ్ చేసినం. ఒక ఉచిత సర్వీసు దాన్ని పిన్ చేసి ఉంచింది. పిన్ అంటే "దీన్ని పారేయొద్దు" అని పెట్టే గుర్తు. పిన్ లేనివాటిని చెత్త ఏరివేత నడిచినప్పుడల్లా, అంటే రెపో జీసీ నడిచినప్పుడల్లా, యంత్రం తీసేస్తది. ఏడాది తిరిగేసరికి ఆ ఉచిత సర్వీసు ఆగిపోయింది. మెయిల్ పంపిన్రట, ఆ మెయిల్ ఎవరం చూడలేదు. తమ్ముడు ల్యాప్‌టాప్ స్లో అవుతున్నదని ఫార్మాట్ కొట్టించిండు. అట్ల రెండు కాపీలూ పోయినయి. మాయం చేసింది ఏ పెద్ద శక్తీ కాదు, మేమే.

ఇంకోటి కూడా ఉంది. కాపీ నీ దగ్గర భద్రంగా ఉన్నా, "నా దగ్గర ఉంది" అని నీ యంత్రం నెట్‌వర్క్‌కు చెప్పాలి. ఆ ప్రకటన 48 గంటలే నిలుస్తది. నడుస్తున్న నోడ్ దాన్ని ఇంచుమించు రోజుకొకసారి, 22 గంటలకోసారి, తనంతట తానే మళ్లీ చెప్తది. మరి మన ఊళ్లల్ల ఏమైతది? సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. గాలివాన వస్తే మూడు రోజులు కరెంటు ఉండదు. ల్యాప్‌టాప్ మూసి సంచిల పెడితే అప్పటి నుంచే నీ ఫైల్ ఎవరికీ అందదు, మూడో రోజుకు ఆ ప్రకటన కూడా పోతది. ఫైల్ ఉంటది, జాడ ఉండదు.

నాగోబా జాతరకు మెస్రం వంశస్తులు ప్రతి ఏడాది హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి జలం తెస్తరు. పోయినేడు తెచ్చింది ఉంది కదా అని ఎవ్వరూ అనరు. గా సంగతి తెలిసిన మనం కంప్యూటర్ ముందర కూర్చునేసరికి మాత్రం "ఒక్కసారి చేస్తే శాశ్వతం" అనే మాటను ఎట్ల నమ్మినం?

సరే, ఫైల్‌ను ఎట్ల బతికించుకున్నమో చెప్తా, ఎందుకంటే రేపు ఇది మీకూ రావచ్చు.

ముందు వాట్సాప్ గ్రూపుల వెతికినం. ఫోటోలన్నీ దొరికినయి. సంతోషంగా యాడ్ చేసినం. వేరే సీఐడీ వచ్చింది. ఎందుకంటే వాట్సాప్ ఫోటోను కుదించి పంపుతది. చూసేటోళ్లకు అదే కాగితం, లెక్కకు మాత్రం వేరే ఫైల్. నోట్‌బుక్‌ల రాసిన పాత పేరు దానికి రాదు. (ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే కుదించదు. ఇది ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.) ఆఖరికి మా వదిన పాత ఫోన్ మెమరీ కార్డుల స్కాన్ చేసిన అసలు ఫోల్డర్ మొత్తం దొరికింది. ఆమె దాచిపెట్టాలని దాచలేదు. కార్డు ఖాళీ చేసుకునే తీరిక లేక ఉండిపోయింది. మా ఊరి రికార్డును కాపాడింది టెక్నాలజీ కాదు, వదినకు తీరిక లేకపోవడం.

ఆ ఫోల్డర్‌ను యాడ్ చేస్తే మళ్లీ పేరు కలవలేదు. అప్పుడు నిజంగనే ఏడుపొచ్చింది. తర్వాత చూస్తే నోట్‌బుక్‌ల ఉన్నది 'బాఫీ' అని మొదలవుతున్నది, మాకు వచ్చింది 'క్యూఎం' అని మొదలవుతున్నది. మొదటిసారి యాడ్ చేసినప్పుడు సీఐడీ వెర్షన్ 1 అని పెట్టినం, ఈసారి పెట్టలేదు. పెట్టి మళ్లీ కొట్టినం. నేను నోట్‌బుక్ చూసి అక్షరం అక్షరం చదువుతుంటే తమ్ముడు స్క్రీన్ మీద వేలు పెట్టి చూసిండు. 59 అక్షరాలు కలిసినయి. ఆ రాత్రే చచ్చిపోయిన లింకు మళ్లీ తెరుచుకున్నది. పాత లింకే. ఈ పద్ధతి గొప్పతనం ఇక్కడున్నది, దాన్ని నేను తక్కువ చెయ్యను. చోటు పేరు మీద నడిచే లింకు పోతే పోయినట్టే. వేలిముద్ర మీద నడిచే లింకు, ఎవరి దగ్గర ఒక్క నిఖార్సైన కాపీ ఉన్నా మళ్లీ లేస్తది.

ఇప్పుడు మేం నెలకోసారి చేస్తున్న పని చెప్తా. కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నా, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టాలి. నల్ల తెర చూసి భయపడకండి, ఏటీఎం కంటే కష్టం కాదు.

మొదలు "ఐపీఎఫ్ఎస్ పిన్ ఎల్ఎస్" కొట్టి, ఏమేం పిన్ అయి ఉన్నయో చూస్తం. నోట్‌బుక్‌ల ఉన్న పేర్లన్నీ అక్కడ ఉండాలి. తర్వాత "ఐపీఎఫ్ఎస్ పిన్ వెరిఫై". పిన్ గుర్తు ఉండి లోపల ముక్కలు లేకుంటే ఇది చెప్తది. హార్డ్ డిస్క్ పాతదైతే "ఐపీఎఫ్ఎస్ రెపో వెరిఫై" కూడా. ముక్కలు చెడిపోయినయా అని లెక్క కట్టి చూస్తది, టైమ్ పడ్తది, చాయ్ తాగి రావచ్చు. ఆ తర్వాత అన్నిటికంటే ముఖ్యమైంది: "ఐపీఎఫ్ఎస్ రూటింగ్ ఫైండ్‌ప్రొవ్స్" అని కొట్టి పక్కన సీఐడీ పెట్టాలి. ఈ ఫైల్ ఎవరెవరి దగ్గర ఉందని నెట్‌వర్క్ చెప్తున్నదో ఆ జాబితా వస్తది. ఒక్కటే పేరు వచ్చి అది నీ నోడ్‌దే అయితే, నువ్వు ప్రమాదంల ఉన్నవ్. ఫోన్‌ల లింకు తెరుచుకుంటున్నది కదా అని నమ్మొద్దు. అది గేట్‌వే వాళ్లు కొన్నాళ్లు దాచుకున్న నకలు కావచ్చు, రేపు తీసేయొచ్చు.

మన నోడ్ పేరు కూడా జాబితాల రాకపోతే, డీమన్ నడిపిస్తూ "ఐపీఎఫ్ఎస్ రూటింగ్ ప్రొవైడ్" కొట్టి మళ్లీ ప్రకటిస్తం. ఇంకో ఊరి నోడ్‌ల "ఐపీఎఫ్ఎస్ పిన్ యాడ్" కొట్టిస్తం. నెట్ సరిగ్గా లేని ఊరికి మాత్రం వేరే దారి ఉంది, నాకు బాగా నచ్చింది అదే: "ఐపీఎఫ్ఎస్ డాగ్ ఎక్స్‌పోర్ట్". మొత్తం ముక్కల్ని ఒక్క కార్ ఫైల్‌ల కట్టగట్టి ఇస్తది. పెన్‌డ్రైవ్‌ల వేసుకుని సంతకు పోయినప్పుడు ఇచ్చిరావచ్చు. అవతల "ఐపీఎఫ్ఎస్ డాగ్ ఇంపోర్ట్" కొడితే పేరు మారదు, వెర్షన్ తకరారు ఉండదు, పిన్ కూడా అదే పెట్టుకుంటది. మాకు ఏడుపు తెప్పించిన సమస్య ఈ ఒక్క కమాండ్ తెలిసి ఉంటే వచ్చేదే కాదు.

కొందరు దోస్తులు స్వార్మ్, ఫైల్‌కాయిన్ వాడొచ్చు కదా అంటున్నరు. వాడొచ్చు, కానీ అవి కిరాయి ఇళ్లు. స్వార్మ్‌ల పోస్టేజ్ స్టాంపు కొనాలి, దాని బ్యాలెన్స్ అయిపోతే మన ముక్కలు చెత్త ఏరివేతకు పోతయి. టాప్ అప్ చేస్తుండాలి. నెట్‌వర్క్‌ల కనబడకుండా పోతే స్వార్మ్ సీఎల్ఐ నుంచి "పిన్నింగ్ రీఅప్‌లోడ్" అని కొట్టి మన నోడ్‌ల పిన్ చేసి పెట్టుకున్న కాపీని మళ్లీ తోసుడే. ఫైల్‌కాయిన్‌ల ఒప్పందానికి గడువు ఉంటది, గడువు తీరితే కొత్త ఒప్పందం చేసుకోవాలి. కిరాయికి క్రిప్టో టోకెన్లు కావాలి. ఉపాధి కూలి పైసలే టైముకు పడని ఊరు టోకెన్లు కొని ప్రతి నెలా టాప్ అప్ చెయ్యాలంటే నాకైతే నమ్మకం లేదు. ఏదైనా సరే, దేంట్లోనూ మళ్లీ చూసుకునే పని తప్పదు.

ఇంత తిప్పలు ఎందుకని అడుగుతరు. కొందరు అన్నలు నాతో సూటిగానే అన్నరు: "రికార్డు కాపాడుడు ఆఫీసు పని. మనం కంప్యూటర్లు పట్టుకుని వాళ్ల పని చేసుడేంది?" నిజమే, వాళ్ల పనే. అటవీ హక్కుల చట్టం 2006ల సెక్షన్ 4(5) ఏం చెప్తది? క్లెయిమ్ పరిశీలన పూర్తయ్యేదాకా ఎవర్నీ భూమి మీంచి లేపొద్దు. మరి నువ్వు క్లెయిమ్ వేసినవని చూపించాల్సింది ఎవరు? ట్రెంచి తవ్వడానికి జేసీబీ వచ్చిన పొద్దున ఆఫీసు ఫైల్ వెతుకుతదా? మన చేతిల ఉన్న రసీదే మాట్లాడాలె. సబ్ డివిజనల్ కమిటీ నిర్ణయం మీద జిల్లా కమిటీకి పోవాలంటే 60 రోజులే టైమ్. ఆ 60 రోజులు పాత కాగితాలు వెతుకుడుతోనే గడిచిపోతే?

2019 ఫిబ్రవరి 13 గుర్తుందా? తిరస్కరించిన క్లెయిమ్‌దారులను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశం వచ్చింది. దేశమంతా ఆదివాసులు రోడ్డెక్కిన్రు. ఫిబ్రవరి 28న కోర్టు దాన్ని నిలిపేసింది, తిరస్కరణలు ఏ పద్ధతిల జరిగినయో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. ఆ ప్రశ్నకు ఊరి వైపు నుంచి జవాబు ఎట్ల ఇస్తం? గ్రామసభ ఏ తారీఖున కూర్చున్నది, సగం మంది వచ్చిన్రా, వచ్చినోళ్లల్ల మూడో వంతు ఆడవాళ్లు ఉన్నరా, ఏం తీర్మానం చేసిన్రు, తిరస్కరణ రాతపూర్వకంగా ఇచ్చిన్రా లేదా, ఇవన్నీ కాగితాలే చెప్పాలి. రూల్ 13 పెద్దల వాంగ్మూలాన్ని రాసి పెడితే సాక్ష్యంగా ఒప్పుకుంటది. మా ఊర్ల అట్ల వాంగ్మూలం ఇచ్చిన ముగ్గురు తాతలల్ల ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్లను మళ్లీ అడగలేం. స్కాన్ పోతే, వాళ్ల మాట పోయినట్టే.

కోర్టు సంగతి వచ్చింది కాబట్టి ఒకటి. 2024 జూలై 1 నుంచి అమలులకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంల సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో ఇచ్చే సర్టిఫికెట్‌ల హ్యాష్ విలువ రాయాలి. సీఐడీ రాస్తే చాలు అనుకోవద్దు. సీఐడీ ముక్కల మీద కట్టిన లెక్క, ఫైల్ మీద నేరుగా కట్టింది కాదు. అందుకే ఒక్కో ఫైల్‌కు విడిగా "షా256సమ్" కొట్టి ఆ విలువను కూడా నోట్‌బుక్‌ల రాయండి. నెట్‌వర్క్‌ల ఉన్నంత మాత్రాన కాగితం విలువ పోదు కూడా. రసీదు, ధ్రువీకరించిన నకలు దాచుడు ఆపొద్దు. చెదలు తినని డబ్బాల దాచండి.

ఇప్పుడు ఈ ముచ్చటల నాకు భయం వేసే భాగం. ఈ నెట్‌వర్క్ బహిరంగం. సీఐడీ తెలిసిన ఎవరైనా తెరిచి చూస్తరు. ఒకసారి ఇంకొకరు పిన్ చేసుకున్నంక తీసెయ్యమనే హక్కు మనకు ఉండదు. మనకు పోకూడని దాన్ని కాపాడుకోవాలనే ఆరాటంల, బయటికి పోకూడని దాన్ని బయట పెడుతున్నం. ఆధార్ నకళ్లు అట్లనే ఎక్కించిన ఫైళ్లు నేను చూసిన. దేవుళ్ల చోట్లు గుర్తు పెట్టిన మ్యాపులు చూసిన. ఏ చెట్టు వేరు ఏ రోగానికి అని ఒక అవ్వ చెప్తుంటే తీసిన వీడియో చూసిన. అవ్వను అడిగిన్రా? గ్రామసభను అడిగిన్రా? అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కే) ఆ జ్ఞానం మీద హక్కు సముదాయానిది అని చెప్తున్నది. అంటే అప్‌లోడ్ బటన్ నొక్కే పిల్లగానిది కాదు, నాది కూడా కాదు. మార్లవాయిల 1940లల్ల హైమెన్‌డార్ఫ్ దొర తీసిన మన తాతల ఫోటోలు ఈరోజు లండన్‌ల సోయస్ కాలేజీ దగ్గర ఉన్నయి. ఆయన దాచబట్టే మనం వాళ్లను చూడగలుగుతున్నం, కాదనను. కానీ ఏది తియ్యాలె, ఎవరికి చూపియ్యాలె అనేది ఆనాడు మన చేతుల లేదు. ఇప్పుడు మన చేతులల్లనే ఉన్నది. మనం కూడా అడగకుండానే పెడితే ఎట్ల?

అందుకని మేం పెట్టుకున్న కట్టుబాటు ఇది. ఏది పెట్టాలో గ్రామసభ చెప్తది. తీర్మానాలు, రసీదులు, ఊరి హద్దు మ్యాపు బహిరంగంగా. పేర్లు, ఆధార్, ఇంటింటి పోడు కొలతలు ఉన్నవి జీపీజీతో తాళం వేసినంకనే. మందులు, దేవుళ్ల చోట్లు అసలే పెట్టం. తాళం వేసేటప్పుడు ఒక సంగతి: అదే ఫైల్‌కు, అదే పాస్‌వర్డ్‌తో మళ్లీ తాళం వేసినా ప్రతిసారి వేరే ఫైల్ తయారవుతది, సీఐడీ మారుతది. కాబట్టి రేపు మళ్లీ ఎక్కించాలంటే తాళం వేసిన ఆ ఫైల్‌నే దాచుకోవాలి, అసలుది ఒక్కటే ఉంటే చాలదు. పాస్‌వర్డ్ మాత్రం ఒక్కడి బుర్రల పెట్టొద్దు. మా దగ్గర ముగ్గురికి తెలుసు, అందులో ఇద్దరు ఆడవాళ్లు. మొగపిల్లలం పట్నం పోతం, ఫోన్లు మారుస్తం, సిమ్‌లు మారుస్తం. ఊర్ల ఉండేది వాళ్లే.

మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. మీ ఊరి పాత లింకు ఒకటి తీసి ఈ రాత్రే తెరిచి చూడండి. తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టించకండి, మెమరీ కార్డులు పారెయ్యకండి, ముందు ఇంట్ల అందర్నీ అడగండి. తెరుచుకుంటే ఎవరి దగ్గర నుంచి వస్తున్నదో ఫైండ్‌ప్రొవ్స్‌తో చూడండి. ఇంకో రెండు ఊళ్లతో మాట్లాడుకుని, మీది వాళ్లు, వాళ్లది మీరు పిన్ చేసుకోండి. ఒక నోడ్ కరెంటు, నెట్ నిలకడగా ఉండే చోట, మండల కేంద్రంలనో పట్నంల చదువుకునే మనోళ్ల రూములనో ఉండాలి. పాత డెస్క్‌టాప్ చాలు.

మేం ప్రతి నెల అమావాస్య తెల్లారి చూసుకుంటం. తారీఖు పెట్టుకుంటే మరిచిపోతున్నం, అమావాస్యను ఊర్ల ఎవరో ఒకరు గుర్తు చేస్తరు. పోయిన నెల నేను ఊర్ల లేను. వదిన కొట్టింది కమాండ్లు. ఫైండ్‌ప్రొవ్స్‌ల మూడు పేర్లు వచ్చినయని ఫోన్ చేసి చెప్పింది. నాలుగోది రావాలె కదా అని ఆమే అడిగింది. పక్క ఊరి నోడ్ ఆగిపోయి ఉంది. వాళ్ల కాడికి ఈ ఆదివారం పోతున్నం, పెన్‌డ్రైవ్ తీసుకుని.